గాజుల కొలత

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఈ సామెత ఎవరు పుట్టించారోగానీ, వాళ్ళింట్లో మా పెద్దమ్మలాంటి మనిషి ఒకరు తప్పకుండా వుండేవుంటారు. రాజుగారికైతే మంత్రులుంటారు, మంచీచెడ్డా చెబుతారు. అప్పుడప్పుడూ యుద్ధంలో ఓడిపోతాడు కూడానూ. మొండివాడికి ఆ బాధ లేదు. ఓడినా ఓడినట్టు ఒప్పుకోడు గనక ఎప్పుడూ గెలుపే.

మన భాషలో ఈ గుణానికి వున్నన్ని పేర్లు పిండివంటలకి కూడా లేవేమో. అలక, పంతం, పట్టుదల, మంకు, మొండి, జగమొండి. సత్యభామది అలక. దుర్యోధనుడిది పంతం. భీష్ముడిది ప్రతిజ్ఞ. మనం పడితే పట్టుదల, మన ఆడబిడ్డ పడితే మొండిపట్టు. నా నవలల్లో కథానాయికలకి పట్టుదల ఎక్కువని పాఠకురాళ్ళు మెచ్చుకుంటూ వుంటారు. ఆ కథానాయికే ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరికో ఒకరికి అత్తగారవుతుంది కదా, అప్పుడా పట్టుదల ఏ రూపంలో వుంటుందని మాత్రం ఎవరూ అడగరు. నేనూ రాయను. నవల పెళ్ళితో అయిపోతే అందరికీ సుఖం.

మా పెద్దమ్మకి డెబ్భై రెండేళ్ళు. గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. ముషీరాబాద్‌లో వుంటుంది. మాది మొదట్నుంచీ క్రైస్తవ కుటుంబమే. అయితే ఆదివారం చర్చికి వెళ్ళడం, క్రిస్మస్‌కి కేకుతోపాటు అరిసెలు వండటం, పెళ్ళిళ్ళకి పట్టుచీరెలూ నగలూ - అన్నీ నలుగురితోపాటే. పెద్దమ్మ ఇరవై రెండో యేట హెబ్రోనుకి వెళ్ళడం మొదలుపెట్టింది. పసితనంలో నెత్తిమీద చల్లిన నీళ్ళు చాలవని, పూర్తిగా నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. ఆ సాయంత్రమే చేతుల గాజులూ మెడలో గొలుసూ తీసి మా అమ్మమ్మ చేతిలో పెట్టింది. తియ్యమని ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. తనకే అనిపించింది, తీసేసింది. మా తాతయ్య ఏడాదిపాటు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడా ఆయనతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో వుండి! కాఫీ కావాలంటే ఆయన గోడకి చెప్పేవారట, కాఫీ అయిందని ఈవిడ కిటికీకి చెప్పేదట. మా వంశంలో ఈ గుణం ఎక్కణ్ణించి దిగిందో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

హెబ్రోను సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా దగ్గర 1950లో భక్తసింగ్ గారు నెలకొల్పిన ప్రార్థనాస్థలం అది. బయట చెప్పులు విడిచి చాపల మీద కూర్చుంటారు. చాలామంది తెల్లబట్టల్లో వస్తారు. నగలు పెట్టుకోని వాళ్ళే ఎక్కువ. ఆరాధన గంటల తరబడి సాగుతుంది. అయ్యాక అందరూ నేలమీద బంతులు తీరి కూర్చుని భోంచేస్తారు. దానికి ప్రేమవిందని పేరు. పక్కన కూర్చున్నవాళ్ళది ఏ కులమో అడిగే పని లేదు. ఆ రోజుల్లో అదేం చిన్న విషయం కాదు.

భక్తసింగ్ గారు 1903లో పంజాబులో సిక్కుల ఇంట పుట్టినాయన. ఆయన ఇంగ్లీషులో ప్రసంగిస్తూంటే పక్కన ఒకరు తెలుగులోకి తర్జుమా చేసేవారట. ఆయన కథ మా ఇంట్లో పిల్లలందరికీ కంఠతా వచ్చు. మిషన్ స్కూల్లో చదివే రోజుల్లో ఆయనకి బైబిలు బహుమానంగా వచ్చింది. అదంటే ఎంత మంటంటే కాగితాలన్నీ చింపి పారేశారు. అట్ట మాత్రం దాచుకున్నారు, తోలుది, అందంగా వుందని! 1926లో ఇంజనీరింగ్ చదవడానికి లండన్ వెళ్ళారు. 1928లో ఓడలో కెనడాకి వెళ్తూంటే మొదటి తరగతి భోజనాల హాల్లో ఆరాధన పెట్టారు. ఊరికే చూద్దామని వెళ్ళి కూర్చున్నారు. ప్రార్థన వేళ అందరూ మోకరించారు. ఈయనకి తలకొట్టేసినట్టయింది. నా దేశమేమిటి, నా మతమేమిటి, నా చదువేమిటి, వీళ్ళతో కలిసి నేను మోకాళ్ళూనడమేమిటి? లేచి వెళ్ళిపోదామంటే అటొకడూ ఇటొకడూ మోకాళ్ళ మీద వున్నారు. వాళ్ళని తోసుకుంటూ పోవడం మర్యాద కాదు. సరే, మర్యాద కోసమే మోకరించారు. ఆ నేల మీద ఆనిన మోకాళ్ళ దగ్గర ఏదో విరిగిందని జీవితాంతం చెప్పేవారు. 1929 డిసెంబరులో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి బైబిలు అడిగి తీసుకున్నారు. ఒకప్పుడు చింపిన పుస్తకాన్నే రాత్రీపగలూ చదివారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది మొదటి సగం. రెండో సగం బొంబాయిలో. 1933లో ఆయన తిరిగివస్తే తల్లిదండ్రులు ఎదురెళ్ళారు. నీ విశ్వాసం నీ మనసులో వుంచుకో, బయటికి మాత్రం చెప్పకు, మన కుటుంబం పరువు నిలబెట్టు, ఇంటికి పోదాం పద అన్నారు. ఆయన కుదరదన్నారు. వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు.

మీరు గమనించారో లేదో, ఒకే మనిషి కథలో వంగిన ఘట్టం ఒకటి, వంగని ఘట్టం ఒకటి వున్నాయి. ఎవరికి ఏది కావాలో అది తీసుకోవచ్చు. పెద్దమ్మ బొంబాయి తీసుకుంది.

ఎప్పుడంటే, లేకలేక ముప్పై అయిదో యేట పుట్టిన ఒక్కగానొక్క కొడుకు లాల్ దర్వాజా అమ్మాయిని రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నప్పుడు. అది జరిగి ఆరేళ్ళయింది. పిల్ల హిందువులమ్మాయి. బోనాల రోజుల్లో వాళ్ళ వీధి వీధంతా తిరునాళ్ళలా వుంటుంది. పెళ్ళికి పెద్దమ్మ వెళ్ళలేదు. పెదనాన్న అప్పటికే పోయారు. వారం తర్వాత మావాడు భార్యని తీసుకుని ఇంటికొచ్చాడు. ఆ పిల్ల కొత్తపెళ్ళికూతురు కదా, నుదుట కుంకుమ, మోచేతిదాకా ఆకుపచ్చ గాజులు. గడపలో నిలబడి నమస్కారం పెడుతూంటే ఆ గాజులు గలగలమన్నాయి. పెద్దమ్మ కుర్చీలోంచి లేవకుండానే అంది: "ఆ చప్పుడు నా ఇంట్లో వినపడకూడదు."

అంతే. మావాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఇక ఆరేళ్ళపాటు రాకపోకల్లేవు, ఫోన్లు లేవు. నేను గనక ఎప్పుడైనా ఆ మాటెత్తితే, "భక్తసింగ్ గారు కన్నవాళ్ళకే తలవంచలేదు, నేను కన్నవాడికి వంచుతానా?" అనేది. తెలుగు టీచరు కదా, మాట మంచి బిగువుగా వచ్చేది. ఓడ సంగతేమిటి పెద్దమ్మా అంటే, "అన్యాయానికి మోకరించమని ఏ ఓడలోనూ చెప్పలేదు" అనేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. విశ్వాసం మొండితనాన్ని పోగొడుతుందని అందరూ చెబుతారుగానీ, ముందుగా దానికి మంచి కవచం తయారుచేసి ఇస్తుంది. నా కోసం కాదు, దేవుడి కోసం అనొచ్చు. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్న మొండితనం ముందు మామూలు మొండితనం దూదిపింజె. ఇది క్రైస్తవుల్లోనే అని కాదు, మడి కట్టుకున్న మా పొరుగావిడ దగ్గరా చూశాను. బైబిల్లోనే యోనా అనే ప్రవక్త వున్నాడు. నీనెవె పట్టణంవాళ్ళు మారుమనసు పొందితే దేవుడు క్షమించాడు. అందుకు ఈ ప్రవక్తకి కోపం! నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయిందని దుఃఖపడ్డాడుగానీ, అంత పట్టణం బతికినందుకు సంతోషించలేకపోయాడు. దేవుడు ఆయన్నొక ప్రశ్న అడగడంతో ఆ పుస్తకం అయిపోతుంది. యోనా ఏం జవాబు చెప్పాడో రాయలేదు. నవలలు రాసేదాన్ని గనక, ఆ ముగింపు రాసినవాళ్ళంటే నాకు మహా అసూయ.

పెద్దమ్మ ఆరేళ్ళూ ప్రార్థన మానలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, కొడుకు పేరు చెప్పి ఏడ్చేది. "వాడి మనసు మార్చు ప్రభువా" అని. వినేవాళ్ళకి కడుపు తరుక్కుపోయేది. వినాల్సినవాడు మాత్రం ఎందుకో జవాబు చెప్పలేదు.

నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం ఆవిడతోపాటు నేనూ ఆరాధనకి వెళ్ళాను. రొట్టె విరిచే వేళ పళ్ళెం వరసగా చేతులు మారుతూ వస్తుంది, ఒక్కొక్కరూ చిన్న ముక్క తీసుకుంటారు. పెద్దమ్మ దాన్ని అందుకుని, తీసుకోకుండా నాకందించింది. నేను తెల్లబోయి చూశాను. ఆవిడ కళ్ళు మూసుకునే వుంది. తర్వాత తెలిసింది, అలా తీసుకోకపోవడం అది నాలుగో వారమట. యాభై ఏళ్ళలో జ్వరంతో వున్నా మానని మనిషి.

ఇంటికొచ్చాక మజ్జిగ ఇస్తూ తనే చెప్పింది. "నేను తెలుగు పాఠం చెప్పినదాన్నే. ఒక వాక్యం యాభై ఏళ్ళు తప్పు చదివానే."

బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూంటే నీ సహోదరుడితో వున్న తగవు గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడి రమ్మని క్రీస్తు చెప్పిన మాట వుంది. అందరికీ తెలిసిందే. పెద్దమ్మ దాన్ని ఇన్నాళ్ళూ, 'నాకు వాడి మీద ఏమైనా వుంటే' అని చదువుకుంది. నాకు కోపం వుంది, నిజమే, వాడొచ్చి పశ్చాత్తాపపడితే క్షమిస్తాను, తలుపు తెరిచే వుంది అనుకుంది. అక్కడున్నది అది కాదు. అతనికి నీ మీద ఏమైనా వుంటే అని వుంది.

"సర్వనామం తప్పు చదివాను" అంది పెద్దమ్మ. "నాకు వాడి మీద వున్నది కాదు లెక్క. ఆ పిల్లకి నా మీద ఏముంది అని. ఏముందో నాకు తెలుసు కదా. ఆ గాజుల మాట... నేనే అన్నాను కదా." కాసేపాగి అంది: "ఆరేళ్ళు దేవుడికి వాడి అడ్రసే ఇచ్చానే. నాదివ్వలేదు."

నేను మాట్లాడలేదు. అలాంటప్పుడు మాట్లాడితే చెడుతుంది.

అలాగని మర్నాడే ఆటో ఎక్కి లాల్ దర్వాజా వెళ్ళిపోయిందనుకుంటున్నారేమో. సినిమాల్లో జరుగుతుందది. మా పెద్దమ్మ మరో నాలుగు నెలలు పళ్ళెం నా చేతికే అందిస్తూ వచ్చింది. తప్పని తెలియడానికీ కాలు కదలడానికీ మధ్య ఎంత దూరముందో డెబ్భై ఏళ్ళవాళ్ళ మోకాళ్ళనడగాలి. ఈలోగా మావాడు నాకు ఫోన్ చేశాడు. అక్కా, తనకి ఏడో నెల, వచ్చే గురువారం సీమంతం, అమ్మకి చెప్పినా చెప్పకపోయినా నీ ఇష్టం అన్నాడు. చెప్పాను. పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్ళీ తుడుచుకుంది. "గాజులెక్కడ మంచివి దొరుకుతాయే?" అంది.

హైదరాబాదులో ఈ ప్రశ్నకి జవాబొక్కటే. అలా మొన్న మంగళవారం ఇద్దరం లాడ్ బజారుకి వెళ్ళాం.

చార్మినార్‌కి పడమటి పక్కన మొదలై మహబూబ్ చౌక్ గడియారస్తంభం వైపు సాగే వీధి. చార్మినార్ 1591 నాటిదైతే ఆ గడియారస్తంభం 1892 నాటిది. వీధి పొడుగునా అటూ ఇటూ గాజుల దుకాణాలే. పొద్దున పదింటికే లైట్లు వేసి వుంచుతారు, రాళ్ళు మెరవాలని. చూడీ బజార్ అని కూడా అంటారు. లాడ్ అన్న పేరు లక్క నుంచి వచ్చిందని కొందరు, ఉర్దూలో లాడ్ అంటే గారాబం గనక అలా వచ్చిందని కొందరూ చెబుతారు. రెండో అర్థం పెద్దమ్మకి చెబితే, "గారాబం వల్లే కదే ఇదంతా" అంది. కొడుకునంటోందో, తన్నుతానే అనుకుంటోందో అర్థం కాలేదు.

హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజు చెయ్యడం ఎప్పుడైనా చూశారా? ఒక సందు మొదట్లో చిన్న బొగ్గుల కుంపటి ముందు ఓ పెద్దాయన కూర్చుని చేస్తున్నాడు. లక్క చల్లగా వుంటే రాయిలా వుంటుంది, వంచబోతే పుటుక్కున విరుగుతుంది. దాన్ని నిప్పుల సెగకి తిప్పుతూ మెత్తబరిచి, సన్నగా సాగదీసి, కొలతకి కోసి, గుండ్రంగా వంచి కొసలు రెండూ అతుకుతాడు. వేడి ఆరకముందే చిన్న చిన్న రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతాడు. నిప్పుకి మరీ దగ్గరగా పెడితే కారిపోతుంది, దూరంగా పెడితే లొంగదు. పెద్దమ్మ కదలకుండా పావుగంట నిలబడి చూసింది. ఇక్కడో ఉపమానం వుందని నాకు చెయ్యి దురదపెట్టిందిగానీ, ఈలోగా ఆవిడ పక్క దుకాణంలోకెళ్ళి బేరం మొదలుపెట్టేసింది.

యాభై ఏళ్ళుగా గాజు ముట్టని చేతులు. అయినా ఎంత తెలుసో! లక్కవి నాలుగు జతలు, సీమంతానికి ఆకుపచ్చ గాజువి రెండు డజన్లు అంది. ఈ రంగు వెలుస్తుందంది, ఈ రాళ్ళు రాలతాయంది. నేను చెవిలో మెల్లిగా అడిగాను, సంఘంలో ఎవరైనా ఏమన్నా అంటే?

"నేను పెట్టుకోవడం లేదు కదే, పెడుతున్నాను."

పూజ జరుగుతుందేమో?

"పూజ దగ్గర కూర్చోను. నా విశ్వాసం నాది, వాళ్ళకీ తెలుసు. గాజులు తొడిగేటప్పుడు వెళ్తాను. భోజనాల దగ్గర కూర్చుంటాను." ఒక్క క్షణం ఆగి అంది: "విధవరాలు తొడగకూడదంటారేమో. అంటే పళ్ళెంలో పెట్టి వస్తాను. అనే హక్కు వాళ్ళకుంది."

దుకాణం ఆయన అడిగాడు, "సైజ్ ఎంతమ్మా? టూ ఫోర్? టూ సిక్స్?"

పెద్దమ్మ నా మొహం చూసింది. నేను ఆవిడ మొహం చూశాను. నాకూ తెలీదు. ఆరేళ్ళ కోడలు. ఆ చెయ్యి ఈ చేతిలోకి ఒక్కసారి వచ్చివుంటే తెలిసేది.

ఆయన మంచివాడు. "ఫికర్ చెయ్యకండ్రమ్మా. మూడు సైజులు తీస్కపోండ్రి. పట్టనివి వాపస్ తెండ్రి. లక్కవైతే జర వేడి చేసి పెద్దగ చేసిస్త" అన్నాడు. ఇంకేం, సమస్య తీరిపోయింది, మూడూ కట్టెయ్యండి అన్నాను నేను.

"వద్దు" అంది పెద్దమ్మ. "అడుగుతాను."

నేను ఫోన్ తీసి నెంబరు వెతుకుతూంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు చెయ్యకు. నెంబరు చదువు. నేనే నొక్కుతా." పదంకెలూ ఒక్కొక్కటే నొక్కింది, హాజరు వేస్తున్నట్టు. వీధిలో ఒకటే గోల. బండివాడి కేకలు, హారన్లు, పక్క దుకాణంలో పెళ్ళివాళ్ళ బేరాలు. అటు ఎవరో ఎత్తారు.

"అమ్మా... నేనమ్మా." గొంతు సరిగ్గా రాలేదు. ఒక చెవి మూసుకుని మళ్ళీ గట్టిగా అంది, దుకాణంలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా: "నేను, మీ అత్తయ్యని. లాడ్ బజార్లో వున్నాను. నీకు గాజులు తీసుకుందామని. నీ చేతి కొలత తెలీదమ్మా నాకు."

అటునుంచి ఏమీ వినపడలేదు. పెద్దమ్మ కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. దుకాణం ఆయన బల్ల మీది గాజులు అటూ ఇటూ కదిల్చే చెయ్యి ఆపేశాడు.

చాలాసేపటికి సన్నగా వినిపించింది. "టూ ఫోర్ అండీ..." మళ్ళీ కాస్త ఆగి, "ఇప్పుడు చేతులు నీరు పట్టాయి. టూ సిక్స్ అయితే బాగుంటుందేమోనండీ."

"సరేనమ్మా. టూ సిక్స్ తీసుకుంటా. ఉప్పు తగ్గించు, కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుని పడుకో."

"ఇల్లు... తెలుసా అండీ మీకు?"

"తెలుసు" అంది పెద్దమ్మ. "రెండుసార్లు మీ సందు మొగదాకా వచ్చి వెళ్ళాను."

ఆ సంగతి నాకూ తెలీదు. ఆవిడ నావైపు చూడకుండా ఫోన్ నా చేతిలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, దుకాణం ఆయన వైపు తిరిగింది.

"టూ సిక్స్ తియ్యి నాయనా. అన్నట్టు, ఇందాక నువ్వు చెప్పిన ధర మాత్రం నేనివ్వను."